అర మార్కు

బుధవారం రాత్రి తొమ్మిదింటికి
నాలుగు దీవుల్లో నాలుగు తెరలు వెలుగుతాయి.
బయట ఎప్పటిలాగే వాన,
నిలువుగా కాక అడ్డంగా కురిసే మా ఫారో వాన.
ఏడాది మొత్తంలో చుక్కలు కనబడే రాత్రులు
నా రెండు చేతుల వేళ్లు దాటవు.
అందుకేనేమో చుక్కల గురించి
మాకింత తెలుసు.

ప్రశ్నలు కూర్చేది నేను, రన్వా,
చేపల కార్ఖానాలో తూకాలు రాసే గుమస్తాను.
గ్రాము తేడా రానివ్వని చేత్తోనే
మార్కులూ వేస్తాను.

"తన ఏడాదికన్నా తన రోజే పొడుగైన గ్రహం?"
"శుక్రుడు!" క్లాక్స్‌విక్ నుంచి ఎబ్బా,
పద్నాలుగేళ్ల పిల్ల,
ప్రశ్న నా నోట్లో ఉండగానే జవాబు లాగేసుకుంటుంది.
"సరిపడా సముద్రం దొరికితే తేలిపోయేది?"
"శని," అంటాడు పాస్టర్ బార్దుర్,
ఎండు గొర్రెమాంసం నములుతూ,
"పోయినవారం వాగులో పడ్డ నా పొట్టేలుకన్నా నయం."

సాండోయ్‌లో ఉండే యాల్‌గ్రిమ్ ముసలాయన మాత్రం
ఎప్పుడూ ఒక ప్రశ్న వెనకే.
కళ్లజోడు వెతుక్కుని, మైకు మీట నొక్కి,
గొంతు సవరించుకునేసరికి
మేం ఇంకో గ్రహం మీద దిగి ఉంటాం.
మూడు చలికాలాలుగా ఆఖరి స్థానం ఆయనది,
చర్చిలో ఇంటిపేరు చెక్కిన బల్లలాగా
ఇంకెవరూ కూర్చోరు.

ఆ రాత్రి పదిహేడో ప్రశ్న.
"ఆకాశంలో సిరియస్ తరవాత అంత వెలిగే నక్షత్రం?"
"అగస్త్యం! మూడువందల పైచిలుకు కాంతి సంవత్సరాలు!"
దూరం ఎవరడిగారు, అయినా ఎబ్బాకి ఒకటి.
నేను కాగితం తిప్పుతున్నాను.
"దాన్ని నేను చూశాను,"
అన్నాడు యాల్‌గ్రిమ్.

బార్దుర్ నమలడం ఆపాడు.
అగస్త్యం మా దీవుల మీద పొడవదు.
ఏ కొండెక్కినా, ఉన్న మబ్బులన్నీ ఊడ్చేసినా
అది మాకు భూమి బొజ్జ చాటునే.

"ఫాక్లండ్స్ దగ్గర వలలేసే రోజుల్లో.
డెక్కు మీద మంచు పగలగొడుతూ తలెత్తితే
సరిగ్గా మోకు గిలక పక్కన ఉండేది.
తెలుపని నేను, పసుపని మా వంటవాడు.
ఎండ్రియాస్ నీళ్లలో పడిన రాత్రి
వెతికినంతసేపూ అక్కడే ఉంది.
పేరు మటుకు
ఇప్పుడే విన్నాను."

నా పుస్తకంలో అరకి గడి లేదు.
అయినా ఆయన వరసలో
సన్నగా, పెన్సిలుతో, అర అని రాశాను.

"అదేం లెక్క?" ఎబ్బా ఊరుకోలేదు.
"పేరు చెప్పందే మార్కు లేదన్నది
మీరు పెట్టిన నిబంధనేగా!"
నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.
పాస్టరుగారు అన్నింటికీ ఏదో ఒకటి చెప్పే మనిషి,
ఆయనా లోపలికెళ్లి టీకి నీళ్లు పెట్టుకున్నాడు.

అప్పుడే నా కిటికీలో మబ్బు చిరిగింది.
నోల్సోయ్ దీవి మీద, అరచేయంత కన్నం,
అందులో ఒకే ఒక్క చుక్క.
"చుక్క!" అని అరిచాను,
అచ్చం అవి కొత్తగా పుట్టినట్టు.

"ఏ దిక్కు?" "తూర్పు." "ఎంత ఎత్తు?"
"మఖ," అంది ఎబ్బా. "కాదు, స్వాతి,
గంట తొమ్మిదీ నలభై కదా, ఆగండి, ఆగండి..."
"గ్రహమేమో," కప్పుతో తిరిగొచ్చిన బార్దుర్.
చుట్టూ ఇరుగూ పొరుగూ లేకపోతే
చుక్కని పోల్చుకోవడం ఎలా?
పదిహేడు ప్రశ్నలు దాటొచ్చినవాళ్లం
ఒక్కదాని ముందు తడుముకుంటూ నిలబడ్డాం.
ఇంతలో కన్నం పూడింది.

"యాల్‌గ్రిమ్, మీ వైపు ఏమైనా కనబడుతోందా?"
మీట నొక్కిన చప్పుడు. గొంతు సవరింపు.
"ఇక్కడ వాన."

కాసేపటికి ఎబ్బా, కాస్త మెత్తగా,
"తెలుపా, పసుపా, ముందది తేల్చండి.
ఆ అర సంగతి
తరవాత చూద్దాం."